ఇంట్లో టాకీసు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు పదిహేను నిమిషాలిచ్చారు. "ఇంజనీరువి గదా, టెక్నాలజీ మీద నాలుగు మాటలు చెప్పు" అన్నారు. భోజనాలకు ముందు టెక్నాలజీ మీద మాట్లాడితే వినేవాళ్ళు ఎటు చూస్తారో నాకు తెలుసు. అందుకని మనందరికీ తెలిసిన ఒక టెక్నాలజీని ఎంచుకున్నాను. ఇంట్లో కూర్చుని సినిమా చూడటం.

ఇందులో నాకేం అర్హత ఉందని అడగొచ్చు. నేను విమర్శకుణ్ణి కాను, సినిమా పరిశ్రమతో నాకు చుట్టరికం లేదు. అయిదేళ్ళ క్రితం లాక్‌డౌన్‌లో మొదలుపెట్టి ఇప్పటిదాకా, మా ఇంట్లో ప్రతి ఆదివారం రాత్రి ఒక సినిమా అందరం కలిసి చూస్తున్నాం. అందరం అంటే ఎనభైకి దగ్గరపడ్డ మా అమ్మ, ప్రభుత్వ పాఠశాలలో పనిచేసే మా ఆవిడ, బెంగుళూరు ఉద్యోగాన్ని ఇంట్లో నుంచే చేస్తున్న మా అబ్బాయి, ఇంజనీరింగు చదివే మా అమ్మాయి, నేను. ఒక వారం పాత సినిమా, ఒక వారం కొత్త సినిమా. ఎంపిక వంతులవారీగా జరుగుతుంది. రిమోట్ మాత్రం అమ్మ దగ్గరుంటుంది. ఆమెకు దాన్ని వాడటం రాదు కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు.

మన బడి రోజుల్లో సినిమా అంటే హనుమకొండలో అలంకార్, విజయ, అశోక. అవతల వరంగల్‌లో మరికొన్ని. టికెట్ల కిటికీ దగ్గర చొక్కా గుండీలు తెగేవి. సినిమాకు వెళ్ళలేనివాడికి వెళ్ళొచ్చినవాడే సినిమా. సోమవారం ఇంటర్వెల్లులో వేపచెట్టు కింద మా బ్యాచివాడొకడు కథ మొత్తం చెప్పేవాడు. ఫైటింగులకు నోటితో శబ్దాలు, గుర్రాలకు తొడల మీద దరువు. కొన్ని సినిమాలు నేను అసలు చూడనే లేదు, వాడి నోట విన్నానంతే. తర్వాత ఇంట్లో చూస్తే అసలు సినిమాకన్నా వాడు చెప్పిందే బాగుందనిపించింది. వాడు ఇక్కడే ఉన్నాడు. లేచి చెయ్యి ఊపుతున్నాడు చూడండి.

ఆ తర్వాత దూరదర్శన్. వాడకు ఒక టీవీ. శనివారం సాయంత్రం తెలుగు సినిమా అంటే టీవీ ఉన్నవాళ్ళ ఇల్లు పెళ్ళివారిల్లే. ఒకడు పైకెక్కి యాంటెనా తిప్పడం, కింద నుంచి ఇంకొకడు "వచ్చింది, వచ్చింది, ఆ పోయింది" అనడం. దాని వెనకే వీడియో వచ్చింది. కలర్ టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు కలిపి రాత్రికి కిరాయి. వాడంతా తలా కొంత చందా. మొదటిది పెద్దల కోసం పౌరాణికం, రెండోది ఆడవాళ్ళ కోసం కుటుంబ కథ, మూడోది మెలకువగా ఉన్నవాళ్ళ కోసం ఫైటింగు సినిమా. తెల్లారి బడిలో ఎవరు నిద్రపోతున్నారో చూసి, ఏ వాడలో వీడియో పెట్టారో మా సార్లు చెప్పేసేవాళ్ళు. 1995లో ఈటీవీ, జెమిని లాంటి చానళ్ళు, ఆ తర్వాత సీడీలు, డీవీడీలు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ 28 రూపాయలకే వీసీడీ అమ్మింది. అద్దెకు తెచ్చుకునే బదులు కొనుక్కోవడమే నయమైంది. ఇప్పుడు ఫోన్‌లోనే అన్నీ. తెలుగు కోసమే 2020లో 'ఆహా' వచ్చింది.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఈ నలభై ఏళ్ళలో ఒక విషయం తలకిందులైంది. అప్పుడు ఒక తెరకు వందమంది. ఇప్పుడు ఒక్క మనిషికి మూడు తెరలు. మా ఆదివారం ఏర్పాటుకు కారణం అదే. ఒకే ఇంట్లో నాలుగు గదుల్లో నాలుగు సినిమాలు నడుస్తుంటే, అన్నం దగ్గర మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక మేము చూసిన వాటి గురించి చెబుతాను. ఇవి పండితుల అభిప్రాయాలు కావు, సోఫా అభిప్రాయాలు.

మొదటి పాత సినిమా అందరి ఇళ్ళల్లోలాగే 'మాయాబజార్'. 1957లో వచ్చింది. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం. 2013లో భారతీయ సినిమాకు వందేళ్ళయినప్పుడు ఒక జాతీయ చానల్ ఓటింగు పెడితే దేశంలోకెల్లా గొప్ప సినిమాగా దీనికే ఓట్లు పడ్డాయి. మా అబ్బాయి మొదట పది నిమిషాలు ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. ఘటోత్కచుడు పెళ్ళి భోజనం దగ్గర కూర్చున్నప్పుడు ఫోన్ పక్కన పెట్టాడు. "కంప్యూటర్ లేకుండా ఇదెట్లా చేశారు?" అన్నాడు. కెమెరా ఆపి, వస్తువు జరిపి, మళ్ళీ తిప్పి, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు బొమ్మ తీసి, అన్నీ చేతిపనే అని చెప్పాను. సినిమా అయ్యాక వాడు రాత్రి పన్నెండింటిదాకా ఒక్కో షాటు వెనక్కి తిప్పి చూశాడు. ఇది టాకీసులో కుదరదు. ఇంటి సినిమాకున్న మొదటి లాభమిది.

రెండో లాభం టైటిల్స్. టాకీసులో టైటిల్స్ పడేటప్పుడు మనం సీటు వెతుక్కుంటూనో, ముందువాడి తల తిట్టుకుంటూనో ఉండేవాళ్ళం. ఇంట్లో ఆపి చదవొచ్చు. మా అమ్మాయి అట్లా ఆపి చదివి, పాటలు రాసినవాళ్ళ పేర్లలో దాశరథిని పట్టుకుంది. మన చినగూడూరులో పుట్టిన దాశరథి 1961లో 'ఇద్దరు మిత్రులు', 'వాగ్దానం'తో సినిమా పాటలు మొదలుపెట్టారని చెబితే, "మన ఊరి పక్కాయన అంత ముందేనా?" అంది. ఆమెకు తెలిసిన పేరు చల్లగరిగ చంద్రబోస్. ఆయనా మన పాత వరంగల్ జిల్లావారే, ఆయనా ఇంజనీరింగు చదివినవారే. 2023లో ఆస్కార్ తెచ్చారు. ఈ ఇద్దరి మధ్య అరవై ఏళ్ళు. టైటిల్ కార్డు ఆపి చదవడం వల్ల మా ఇంట్లో ఆ అరవై ఏళ్ళకు ఒక వంతెన పడింది.

'మాయాబజార్' రంగుల్లో 2010లో వచ్చింది. పిల్లలు రంగుల్లో చూద్దామన్నారు, నేను నలుపు తెలుపే అన్నాను. తీర్పు కోసం అమ్మను అడిగాం. అమ్మ చిన్నప్పుడు ఊళ్ళో డేరా టాకీసులో చూసిందట. ఆమె అన్న మాట వినండి. "గప్పుడు గూడ రంగులే ఉండె గదరా. శశిరేఖ చీర పచ్చగ ఉండె."

అప్పుడు రంగుల్లేవని నేను చెప్పలేదు. ఆమె చూసింది ఆమె చూసింది. బార్ట్‌లీ వెలుగునీడలతో తీస్తే, డేరాలో నేల మీద కూర్చున్న పిల్ల దానికి రంగులు వేసుకుంది. అంత మంచి కలరింగు ఏ కంపెనీ చేయలేదు. ఇంకో సంగతి కూడా ఆమెదే. పాండవుల బంధువర్గం మీద నడిచే ఈ కథలో పాండవులు అయిదుగురూ ఒక్కసారి కూడా తెర మీద కనిపించరు. నేను పుస్తకంలో చదివి ఈ మాట గొప్పగా చెప్పబోతే, "వాళ్ళొస్తే కథ ఆడనే ఆగుతది. పెండ్లి పనులు ఆడోళ్ళు, మేనమామలు జేస్తరు" అంది.

'మిస్సమ్మ' 1955 నాటిది. ఉద్యోగాల్లేని ఇద్దరు గ్రాడ్యుయేట్లు, ఊరి బడిలో భార్యాభర్తలైన టీచర్లే కావాలంటే, పెళ్ళి కాకుండానే మొగుడూ పెళ్ళాలమని చెప్పి చేరతారు. నేను సావిత్రి గారి నటన గురించి చెబుతున్నాను. మా ఆవిడ దృష్టి మాత్రం వేరే చోట ఉంది. "అంటే స్పౌజ్ కేటగిరీ అప్పటి నుంచే ఉందన్నమాట" అంది. ఇక్కడున్న టీచర్లు నవ్వుతున్నారు. బదిలీల సీజన్ చూసినవాళ్ళకు ఈ సినిమా హాస్యచిత్రంలా కనిపించదు, డాక్యుమెంటరీలా కనిపిస్తుంది.

'గుండమ్మ కథ' 1962. రామారావు గారికి అది నూరో సినిమా. హీరో నిక్కరు వేసుకుని పిండి రుబ్బుతాడు. ఇప్పటి హీరోకు అట్లాంటి సీను రాయమంటే రచయితకు ప్రాణభయం. చిన్నప్పుడు అందరం సూర్యకాంతం గారిని చూసి నవ్వుకునేవాళ్ళం. ఈసారి అమ్మ నవ్వలేదు. సవతి కూతురు ఇల్లంతా చాకిరీ చేస్తుంటే, "గా పిల్లతోని ఎంత పని జేపిస్తుండ్రు" అని మెల్లగా అంది. పన్నెండేళ్ళకు పెళ్ళయి వచ్చిన మనిషి ఆమె. నేను నలభై ఏళ్ళుగా కామెడీ అనుకున్న సినిమాలో ఆమె చూసేది ఇంకొకటని అప్పుడు తెలిసింది. ఒక్కడినే ఫోన్‌లో చూసుకుని ఉంటే తెలిసేది కాదు.

'శంకరాభరణం' 1980లో వచ్చింది. మొదట హాళ్ళు ఖాళీగా ఉండి, చూసినవాళ్ళు చెప్పగా చెప్పగా నిండిన సినిమా. నాకప్పుడు పదేళ్ళు. బాపు తీసుకెళ్తే సగంలో నిద్రపోయాను. ఇప్పుడు చూస్తుంటే లెక్క కట్టాను. శంకరశాస్త్రి వేషం వేసినప్పుడు సోమయాజులు గారికి యాభై ఒకటి. నాకిప్పుడు యాభై అయిదు. అంటే ఆ ముసలాయనకన్నా నేనే పెద్దవాణ్ణి! డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూ ఆయన అంత పని చేశారు. మా ఆవిడ గమనించిందేమిటంటే, మంజుభార్గవి గారు సినిమా మొత్తంలో దాదాపు మాట్లాడనే మాట్లాడరు. కథ నడిచేది మాత్రం ఆమె కళ్ళతోనే. పాటలు వచ్చినప్పుడు దాటించవద్దని మా ఇంట్లో చట్టం చేసింది ఆ రాత్రే. ఫైట్లు దాటించవచ్చు. ఆ సవరణ నాది.

'శివ' 1989. అప్పుడు నేను కాజీపేట దగ్గర ఆర్.ఈ.సి.లో చదువుతున్నాను. ఇప్పుడు దాన్ని ఎన్.ఐ.టి. అంటున్నారు. సినిమా చూసొచ్చి హాస్టలులో ఎన్ని సైకిళ్ళ చెయిన్లు పరీక్షకు నిలబడ్డాయో ఇక్కడున్న కొందరికి తెలుసు. మొన్న మళ్ళీ చూసినప్పుడు మా అబ్బాయి ఇంజనీరుగా నా అభిప్రాయం అడిగాడు. అరంగుళం పిచ్, ఉక్కు పిన్నులు, రివెట్లు. చేత్తో లాగితే చెయ్యి తెగుతుంది, చెయిను తెగదు. అయినా ఆ సీను వచ్చినప్పుడు నా పిడికిలి బిగిసింది. మనసు ఇంజనీరింగు చదవలేదు.

ఇంజనీరును పిలిచారు కాబట్టి ఒక రెండు నిమిషాలు పని చెప్పనివ్వండి. ఇంటికి వెళ్ళి మీ టీవీలో మూడు సంగతులు సరిచూడండి.

మొదటిది, బొమ్మ ఆకారం. మన పాత సినిమాలు దాదాపు నాలుగుకు మూడు కొలతలో తీసినవి. ఇప్పటి టీవీలు పదహారుకు తొమ్మిది. తెర నిండాలని సాగదీస్తే మనుషులు మూడో వంతు లావవుతారు. ఎస్వీ రంగారావు గారికి ఫరవాలేదు గానీ సావిత్రి గారికి అన్యాయం. పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి. స్కోపు సినిమాలది దీనికి ఉల్టా కథ. తెలుగులో మొదటి సినిమాస్కోపు 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. అట్లాంటి బొమ్మను పాత డబ్బా టీవీ నిండా చూపించాలంటే ఇరువైపులా కలిపి నూటికి నలభై మూడు వంతులు కోసేయాలి. మన చిన్నప్పుడు టీవీలో మాట వినిపించి మనిషి కనిపించకపోతే, ఆ మనిషి ఆ నలభై మూడు వంతుల్లో ఉన్నాడన్నమాట.

రెండోది, మోషన్ స్మూతింగ్ అనే సదుపాయం. సినిమా సెకనుకు 24 బొమ్మలు. టీవీ తన తెలివితో మధ్యలో లేని బొమ్మలు పుట్టించి కలుపుతుంది. దాంతో 'మాయాబజార్' కూడా మధ్యాహ్నం సీరియల్‌లా కనిపిస్తుంది. దాన్ని ఆపేయండి.

మూడోది, మాట. టీవీలు సన్నబడ్డాక స్పీకర్లు వెనక్కి పోయాయి, శబ్దం గోడకు తగిలి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు "ఏమన్నడు, ఏమన్నడు" అంటుంటే విసుక్కోకండి. సెట్టింగుల్లో మాటలు స్పష్టంగా వినిపించే ఆప్షన్ ఉంటే పెట్టండి, తెలుగు సబ్‌టైటిల్స్ ఉంటే వేయండి. మా అమ్మకు చెవి కాస్త తగ్గింది, చదవడం వచ్చు. సబ్‌టైటిల్స్ వేసిన రోజు నుంచి ఆమె సినిమాలో ప్రశ్నలు తగ్గి వ్యాఖ్యానాలు పెరిగాయి.

ఇప్పుడు నవ్వులాట కాని సంగతి ఒకటి చెబుతాను.

1985లో 'ప్రతిఘటన' వచ్చింది. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. కోట శ్రీనివాసరావు గారు దుర్మార్గుడైన రాజకీయ నాయకుడి వేషం వేశారు. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన మనిషి తెలంగాణ యాసలో దంచి కొట్టారు. నటనకు వంక పెట్టలేం. హాలంతా ఈలలు, నవ్వులు. నేనూ నవ్వాను. ఈ మధ్య ఇంట్లో ఆ సినిమా పెట్టాం. సగంలో మా అమ్మాయి అడిగింది. "నాన్నా, ఇందులో విలనొక్కడే నానమ్మ లెక్క మాట్లాడుతున్నాడెందుకు?"

అమ్మ పక్కనే ఉంది. ఏమీ అనలేదు. నేను కూడా వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మన తరానికి ఆ ప్రశ్న తట్టలేదు. ఎందుకంటే మనకు అది రోజూ తినే అన్నంలో రాయి. ఏళ్ళ తరబడి చాలా సినిమాల్లో హీరో ఒక తెలుగు మాట్లాడేవాడు. రౌడీ, పనిమనిషి, హాస్యగాడు ఇంకో తెలుగు మాట్లాడేవాళ్ళు. ఆ ఇంకో తెలుగు మన ఇంటిది. హైదరాబాదులో ఇంటర్వ్యూలకు వెళ్ళినప్పుడు, పై ఊళ్ళో కొత్త స్నేహితులు దొరికినప్పుడు, మన నోట్లోంచి "పోయిండు" రాబోతుంటే నాలుక కరుచుకుని "వెళ్ళాడు" అన్నవాళ్ళం ఈ హాల్లో ఎంతమంది లేము? మనల్ని ఎవరూ కొట్టి నేర్పలేదు. చీకట్లో కూర్చుని, పక్కవాళ్ళతో కలిసి నవ్వుతూ నేర్చుకున్నాం.

ఈ విషయంలో మన బడికి నేను రుణపడి ఉన్నాను. మా తెలుగు సారు, ఇప్పుడు మన మధ్య లేరు, సోమవారం నాడు ఎవరో ఒకర్ని లేపి చూసిన సినిమా కథ చెప్పించేవారు. మనవాడు "గప్పుడు హీరో ఉరికిండు" అంటే క్లాసు నవ్వేది. సారు నవ్వేవారు కాదు. "పరీక్షలో పరుగెత్తాడు అని రాయి. ఇక్కడ ఉరికిండు అనే చెప్పు. ఉరికినప్పుడు వాడికి ఆయాసం వచ్చింది, పరుగెత్తితే అంత రాదు" అనేవారు. వరంగల్ గడ్డ మీద కాళోజీ గారు జీవితమంతా ఈ సంగతి మీదే మాట్లాడారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కానీ నాకు ఆ పాఠం మొదట అందింది ఏడో తరగతి గదిలో, ఒక సినిమా కథ మిషతో.

మా అమ్మాయి ప్రశ్నకు జవాబుగా తర్వాతి ఆదివారాలు కొన్ని సినిమాలు వరసగా పెట్టాను. మొదట 1980లో విడుదలైన 'మా భూమి'. బి. నరసింగరావు గారు నిర్మిస్తే, గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ దర్శకుడు తన మొదటి కథాచిత్రం మన భాషలో తీశాడు. సాయుధ పోరాటం కథ. అందులో కథానాయకుడు మన మాటే మాట్లాడతాడు. అమ్మ నిటారుగా కూర్చుంది. గడీ, వెట్టి, దొర అన్నవి పిల్లలకు చరిత్ర పాఠాలు. ఆమెకు అవి తన తండ్రి చెప్పిన మాటలు. సినిమా మూడుసార్లు ఆపాం, మూడుసార్లూ ఆపమన్నది పిల్లలే, నానమ్మ చెప్పేది వినడానికి.

తర్వాత 2017 నాటి 'ఫిదా'. బాన్సువాడ పిల్ల కథ. కథానాయిక మన యాసలో, పొగరుగా, తన గొంతుతోనే మాట్లాడింది. సాయిపల్లవి గారి ఇంటి భాష తెలుగే కాదు. అయినా కష్టపడి నేర్చుకుని స్వయంగా డబ్బింగ్ చెప్పుకున్నారు. ఆపైన 2019లో వచ్చిన 'మల్లేశం'. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు, తల్లి ఆసు పోసీ పోసీ భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, 1999లో ఆసు యంత్రం కనిపెట్టారు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఆడించాల్సిన పని అది. పెద్ద చదువులు లేకపోయినా 2017లో పద్మశ్రీ అందుకున్నారు. నేను ముప్పయి ఏళ్ళు ఇంజనీరుగా పనిచేశాను. ఎన్నో మిషన్ల ప్రారంభోత్సవాలు చూశాను. ఒక మిషను పనిచేయడం చూసి కళ్ళు చెమర్చింది మాత్రం ఆ రాత్రి సోఫాలోనే.

చివరికి 'బలగం'. 2023. కొమురయ్య అనే ముసలాయన చనిపోతే పదకొండు రోజులు జరిగే కథ. పిండం ముట్టని కాకి, చిన్న మాటకు ఏళ్ళ తరబడి పట్టింపు పెట్టుకున్న బావా బామ్మర్దులు. ఆ ఏడాది ఎండాకాలంలో ఊళ్ళల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూసి ఏడ్చిన సంగతి మీకందరికీ తెలుసు. చివర్లో పాట పాడిన బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు మన దుగ్గొండి వాళ్ళు. మొగిలయ్య గారు 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఒక జీవితమంతా ఊరూరా పాడిన గొంతు, చివరి రెండేళ్ళలో రాష్ట్రమంతా వినిపించింది.

మా ఇంట్లో 'బలగం' చూసిన రాత్రి పిల్లలు ఏడ్చారు, మా ఆవిడ ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. సినిమా అయ్యాక కొంచెంసేపు కూర్చుని, "మా అన్నకు ఫోన్ కలుపు" అంది. అమ్మకు మా పెద్దమామతో ఒక పొలం గట్టు విషయంలో పదహారేళ్ళుగా మాటల్లేవు. కలిపాను. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారోనని అందరం ఊపిరి బిగబట్టాం. "ఆడ వాన వడ్డదా?" అంది అమ్మ. "వడ్డది" అన్నాడు మామ. బోరు గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. గట్టు మాట ఎవరూ ఎత్తలేదు. రెండు నిమిషాల్లో ఫోన్ పెట్టేశారు. మామ పోయిన కార్తీకంలో పోయాడు. అప్పటిదాకా ప్రతి ఆదివారం వాన సంగతి మాట్లాడుకున్నారు.

సినిమా మనుషుల్ని మార్చేస్తుందని నేను చెప్పను. పదహారేళ్ళు ఆ రెండు నిమిషాల కోసం అమ్మ ఎదురుచూసే ఉంటుంది. సినిమా చేసిందల్లా ఆమె మాటను తెర మీద గౌరవంగా వినిపించడం. తన లెక్క మాట్లాడే మనుషులు రౌడీలూ జోకర్లూ కాకుండా, పట్టింపులూ ప్రేమలూ ఉన్న మామూలు మనుషులుగా కనిపించారు. ఆ తర్వాత ఫోన్ చేయడం తేలికైంది. మా అమ్మాయి ప్రశ్నకు నేను చెప్పగలిగిన జవాబు అదొక్కటే.

మిత్రులారా, ముగించే ముందు ఈ సంఘానికి ఒక మనవి.

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. ఈరోజు చూద్దామంటే దాని ప్రింటు లేదు. ఆ కాలపు ఫిల్ము అగ్గిపెట్టెలా అంటుకునే రకం. మరెన్నో ఫిల్ములను అందులోని వెండి కోసం కరిగించేశారు. ఎవరూ కక్షతో చేయలేదు. వాటి పని అయిపోయిందనుకున్నారు, అంతే.

మన సంఘం రజతోత్సవం 2000లో జరిగింది. ఆనాటి సభను, దానికి ముందు కొన్ని వార్షికోత్సవాలను వీడియో తీసిన క్యాసెట్లు బడి బీరువాలో కొన్ని, మీ ఇళ్ళ అటకల మీద కొన్ని ఉన్నాయి. అవి అయస్కాంత టేపులు. మన వేడికి, తేమకు బూజు పడతాయి, పూత రాలిపోతుంది. వాటిని ఆడించే వీసీఆర్‌ల తయారీ 2016లో ప్రపంచమంతటా ఆగిపోయింది. ఉన్న మిషన్లు మూలపడేలోపే ఆ క్యాసెట్లలో ఉన్నదాన్ని కంప్యూటరులోకి ఎక్కించాలి. ఇంకో పదేళ్ళు ఆగితే టేపు ఉంటుంది, బొమ్మ ఉండదు.

ఆ క్యాసెట్లలో ఏముంది? అస్తవ్యస్తమైన డాన్సులు, మైకు కీచుమనే శబ్దాలు, కెమెరాకు అడ్డం వచ్చే తలకాయలు. వాటితోపాటు మన హెడ్మాస్టరు గారి ఉపన్యాసం ఉంది. లెక్కల టీచరమ్మ నవ్వు ఉంది. మా తెలుగు సారు "ఉరికిండు" అనడంలోని ఆయాసం గురించి రజతోత్సవ సభలో మళ్ళీ చెప్పి మమ్మల్ని నవ్వించారు. అది కూడా ఎక్కడో ఒక టేపు మీద ఉంది. అలంకార్‌లో ఆడిన సినిమా ఈరోజు కాకపోతే రేపైనా ఎక్కడో దొరుకుతుంది. ఈ గొంతులు మన దగ్గర తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

నా దగ్గర పనిచేసే వీసీఆర్ ఒకటి ఉంది. మా అబ్బాయి కూడా సాయం చేస్తానన్నాడు. భోజనాల హాలు గుమ్మం దగ్గర ఒక అట్టపెట్టె పెట్టించాను. ఇళ్ళకు వెళ్ళి అటకలు వెతికి, ఏ క్యాసెట్ దొరికినా దాని మీద మీ పేరు, బ్యాచి రాసి సంఘం ఆఫీసుకు పంపండి. బూజు పట్టినా పరవాలేదు, మీరు ఆడించి చూడకండి, టేపు తెగుతుంది. కాపీ చేసి క్యాసెట్ మీకు తిరిగి ఇస్తాం. వచ్చే దసరా సెలవుల్లో ఈ హాల్లోనే గోడకు తెల్లబట్ట కట్టి అందరం కలిసి చూద్దాం. మా అమ్మను కూడా తీసుకొస్తాను. రిమోట్ ఆమె దగ్గరే ఉంటుంది.

 భోజనాలకు లేవండి.